కొట్టు కంప్యూటర్‌కి విండోసా, లినక్సా, మ్యాకా? తేల్చుకునే పద్ధతి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత మా బజారులో ఏ కొట్టుకి వెళ్లినా ఇదే మాట: "ఈ సిస్టమ్ ఇక పనికిరాదట, కొత్తది కొనాలట." మాది మోటార్ల స్పేర్ పార్ట్స్ కొట్టు, మూడు కంప్యూటర్లున్నాయి. మూడూ మార్చాలని మాకు కొటేషన్ వచ్చింది. వారం రోజులు కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటే, కొత్తగా కొనాల్సింది ఒకటేనని తేలింది. ఇంకొకటి ఉన్న మెషిన్‌లోనే విండోస్ 11కి వెళ్లింది. మూడోది ఇప్పుడు లినక్స్ మింట్‌తో (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తోంది. నేను ఏ వరుసలో చూశానో అదే వరుసలో రాస్తున్నాను. మీ కొట్టుకైనా, ఆఫీసుకైనా ఇలాగే చూసుకోవచ్చు.

ముందే ఒక మాట. "ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది?" అని మొదలుపెడితే ఎన్నాళ్లకీ తెగదు. "ఈ కుర్చీలో కూర్చునే మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేస్తారు?" అని అడగండి. ఒక్కో కుర్చీకి ఒక్కో జవాబు వస్తుంది. కొట్టంతటికీ ఒకటే ఉండాలన్న రూలేమీ లేదు.

మొదటి పని: కాగితం మీద రాయండి

ఒక రోజంతా గమనించి, ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో కాగితం పెట్టుకుని నాలుగు విషయాలు రాయండి. ఎవరు కూర్చుంటారు, ఏయే సాఫ్ట్‌వేర్లు తెరుస్తారు, బ్రౌజర్‌లో ఏ వెబ్‌సైట్లకి వెళ్తారు, వెనక ఏయే వైర్లు గుచ్చి ఉన్నాయి. జ్ఞాపకం మీద రాయకండి. మా బిల్లింగ్ కౌంటర్‌లో బార్‌కోడ్ లేబుళ్ల ప్రింటర్ ఉందన్న సంగతి నాకు గుర్తే రాలేదు. వారానికి ఒక్కసారి వాడతాం కాబట్టి అది బల్ల కింద ఉండిపోయింది. దాని డ్రైవర్ (ఆ యంత్రాన్ని కంప్యూటర్‌తో పని చేయించే చిన్న ప్రోగ్రాం) సంగతి చూడకుండా సిస్టమ్ మార్చి ఉంటే కొత్త సరుకు దిగిన రోజున పని ఆగిపోయేది.

నెలకోసారి, ఏడాదికోసారి చేసే పనులు కూడా రాయండి. జీఎస్టీ రిటర్న్, టీడీఎస్, బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ లాంటివి. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా వీటి దగ్గరే.

రెండో పని: లెక్కలు ఎందులో ఉన్నాయో చూడండి

మిగతావన్నీ దీని తర్వాతే. మన దగ్గర చిన్న వ్యాపారాల లెక్కలు ఎక్కువగా ట్యాలీలో ఉంటాయి. ట్యాలీ ప్రైమ్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. మ్యాక్‌కి గానీ లినక్స్‌కి గానీ విడిగా తయారుచేసింది లేదు. లినక్స్‌లో వైన్ అనే పొర (విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపించేది) వేసి నడిపించిన వాళ్లున్నారు. నేను మాత్రం ఆ దారి చెప్పను. అప్పు ఖాతాలన్నీ ఉన్న సాఫ్ట్‌వేర్‌ని, కంపెనీ సపోర్ట్ ఇవ్వని పద్ధతిలో నడపడం సరికాదు. లైసెన్స్ దగ్గరో అప్‌డేట్ దగ్గరో ఆగిపోతే ఫోన్ చేసి అడగడానికి మనిషి ఉండడు. మందుల షాపుల్లో వాడే మార్గ్, హోల్‌సేల్ వాళ్లు వాడే బిజీ కూడా విండోస్ ప్రోగ్రాములే.

అయితే ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మీది ట్యాలీ సిల్వర్ లైసెన్స్ అయితే అది ఒక్క కంప్యూటర్‌కే. అంటే ట్యాలీ కోసం మీకు విండోస్ కావాల్సింది ఆ ఒక్క మెషిన్‌లోనే. మిగతా కంప్యూటర్లలో ట్యాలీ లేనే లేదు కదా, వాటి సంగతి విడిగా ఆలోచించుకోవచ్చు. గోల్డ్ లైసెన్స్‌తో నాలుగైదు మెషిన్లలో ఒకేసారి ఎంట్రీలు వేస్తుంటే మాత్రం ఆ అన్నిటికీ విండోసే ఉంచండి.

లెక్కలు జోహో బుక్స్ లాంటి బ్రౌజర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే మీకు చాలా స్వేచ్ఛ ఉంది. విండోస్, లినక్స్, మ్యాక్, ఏదైనా ఒకటే. కానీ ఇంటర్నెట్ పోతే బిల్లింగ్ ఆగుతుంది, కాబట్టి రెండో కనెక్షనో, ఫోన్ హాట్‌స్పాటో సిద్ధంగా ఉండాలి.

ట్యాలీ నుంచి వేరే దానికి మారాలనుకుంటే ముందు ఆడిటర్ గారిని అడగండి. నేను అడగకుండా ఒక బ్రౌజర్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ మొదలుపెట్టి, రెండు వారాల బిల్లులు అందులో వేశాను. ఆడిటర్ గారి ఆఫీసులో అందరి లెక్కలూ ట్యాలీ బ్యాకప్ ఫైల్‌గానే తీసుకుంటారు. చివరికి ఆ రెండు వారాల బిల్లులూ మళ్లీ ట్యాలీలో ఎక్కించాల్సి వచ్చింది. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ పని తప్పేది.

మూడో పని: వెనక గుచ్చి ఉన్న వైర్లు

ప్రోగ్రాములకి బదులుగా ఇంకోటి దొరుకుతుంది. చేతిలో ఉన్న ప్రింటర్‌కి డ్రైవర్ లేకపోతే ఏం చేయలేం. అందుకే ఇక్కడ తొందర పడకండి.

ప్రింటర్లలో లేజర్ వాటి సంగతి మోడల్‌ని బట్టి ఉంటుంది. మన జిరాక్స్ షాపుల్లో, ఆఫీసుల్లో ఏళ్ల తరబడి కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900ని లినక్స్‌లో పని చేయించడం కష్టం. దానికి సొంత పద్ధతి డ్రైవర్ కావాలి, ఆ లినక్స్ డ్రైవర్ పాతబడిపోయింది. అదే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే లినక్స్‌లో పని చేస్తుంది, కాకపోతే మొదటిసారి ఇంటర్నెట్ నుంచి ఒక చిన్న ప్లగిన్ దించుకోవాలి. ఎప్సన్ ఎల్‌ఎక్స్ 310 లాంటి డాట్ మాట్రిక్స్‌లకి లినక్స్‌లో డ్రైవర్ ముందే ఉంటుంది. కానీ ముందే అచ్చేసిన బిల్లు పుస్తకం కాగితం మీద గడులకి సరిగ్గా అక్షరాలు పడేలా కాగితం సైజు సరిచేసుకోవడానికి ఒక పూట పడుతుంది. థర్మల్ బిల్లు ప్రింటర్, లేబుల్ ప్రింటర్ కొనేటప్పుడే తయారీదారు వెబ్‌సైట్‌లో ఏ సిస్టమ్‌కి డ్రైవర్ ఇస్తున్నారో చూసుకోండి. ఉన్న వాటికైతే మోడల్ నంబర్ రాసుకుని అక్కడే వెతకండి.

తర్వాతది డిజిటల్ సంతకం, అంటే డీఎస్‌సీ పెన్‌డ్రైవ్. మీది కంపెనీ గానీ ఎల్‌ఎల్‌పీ గానీ అయితే జీఎస్టీ పోర్టల్‌లో దీనితోనే సంతకం పెట్టాలి. సొంత పేరు మీద నడిపే వ్యాపారమైతే ఫోన్‌కి వచ్చే ఓటీపీ సరిపోతుంది. టోకెన్ (ఆ సంతకం పెన్‌డ్రైవే) వాడేవాళ్లు కనీసం ఒక్క విండోస్ మెషిన్ ఉంచుకోండని నా సలహా. టోకెన్ డ్రైవర్, పోర్టల్‌లో సంతకం పెట్టించే ఎమ్‌సైనర్ ప్రోగ్రాం, బ్రౌజర్ మూడూ కలిసి పని చేయాలి. రిటర్న్ గడువైన 20వ తేదీ సాయంత్రం ఎక్కడో ఎర్రర్ వస్తే, దాన్ని సరిచేసే మనిషి మన ఊళ్లో విండోస్‌కే దొరుకుతాడు.

మీసేవ కేంద్రం, సీఎస్‌సీ, ఆధార్‌తో డబ్బు తీసిచ్చే పని చేసేవాళ్లకి వేలిముద్ర యంత్రం ఉంటుంది. ఆ యంత్రాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ ప్రోగ్రాం వ్యవహారం కూడా ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల చుట్టూనే తిరుగుతుంది. వాళ్లు విండోస్ దగ్గరే ఆగిపోవడం మంచిది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఇప్పుడు దుకాణాల్లో స్నాప్‌డ్రాగన్ చిప్‌తో ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. వాటిలో ఉండేదీ విండోస్ 11 అనే రాసి ఉంటుంది. మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి. కానీ ఇంటెల్, ఏఎమ్‌డీ మెషిన్ల కోసం రాసిన ప్రింటర్ డ్రైవర్, టోకెన్ డ్రైవర్ వాటిలో ఎక్కవు. ఆ చిప్‌కి విడిగా డ్రైవర్ ఉండాలి. బ్యాటరీ రోజంతా వస్తుందని మురిసిపోయి వ్యాపారానికి కొనకండి. ముందు మీ వైర్ల కాగితం చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే అడగండి.

నాలుగో పని: తెలుగు

కరపత్రాలు, శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే వాళ్లకి ఇదే అసలు ప్రశ్న. డీటీపీ షాపుల్లో తెలుగంతా అను ఫాంట్లలోనే ఉంటుంది. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌ది. పదిహేనేళ్ల పని అంతా ఆ ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నప్పుడు వేరే సిస్టమ్ గురించి ఆలోచించే వీలు లేదు. ఆ ఫైల్ ఇంకో చోట తెరిస్తే అక్షరాలకి బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాకపోవడమే కారణం.

మామూలు కొట్టుకి అంత చిక్కు లేదు. ఉత్తరాలు, ధరల పట్టీ, వాట్సాప్ మెసేజ్ తెలుగులో కొట్టుకోవాలంటే యూనికోడ్ చాలు, అది అన్నింటిలోనూ ఉంది. విండోస్‌లో నిర్మల ఫాంట్ ముందే ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డ్‌ని సెట్టింగ్స్‌లో భాష దగ్గర చేర్చుకోవచ్చు. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంది. లినక్స్‌లో నోటో, లోహిత్ ఫాంట్లు దొరుకుతాయి, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డ్ వరుస), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు) పద్ధతులు రెండూ ఉన్నాయి. నేను మింట్‌లో ఆర్‌టీఎస్‌తోనే కొడతాను. మీ కొట్టు లెటర్‌హెడ్ ఎప్పుడో అనులో చేయించి ఉంటే, ఈ సందర్భంలో దాన్ని యూనికోడ్‌లో మళ్లీ చేయించుకోండి. ఇక ముందు ఏ సిస్టమ్‌కి మారినా అది మీతో వస్తుంది.

ఐదో పని: ఉన్న మెషిన్ విండోస్ 11కి పనికొస్తుందా?

కొనేముందు దీన్ని మీరే చూసుకోవచ్చు, ఎవరినీ పిలవక్కర్లేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి సిస్టమ్ తెరవండి. ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఇంటెల్ అయితే ఐ3, ఐ5 తర్వాత ఉన్న సంఖ్య చూడండి. ఐ5-7400 అంటే ఏడో తరం, ఐ3-8100 అంటే ఎనిమిదో తరం, ఐ5-10400 అంటే పదో తరం. ఎనిమిది, ఆపైన అయితే దాదాపుగా పనికొస్తుంది. ర్యామ్ 4 జీబీ, డిస్క్ 64 జీబీ కనీసం ఉండాలంటారు గానీ, ట్యాలీ, బ్రౌజర్, ఎక్సెల్ కలిపి నడిచే చోట 8 జీబీ లేకపోతే విసుగొస్తుంది.

తర్వాత టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) అని కొట్టి ఎంటర్ చేయండి. దొరకలేదని చెప్పినా నిరాశ పడకండి. చాలా బోర్డుల్లో అది ఉంటుంది, బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పీటీటీ, ఏఎమ్‌డీ బోర్డులో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో వెతికి ఆన్ చేస్తే చాలు. మా అకౌంట్స్ మెషిన్‌కి జరిగింది ఇదే. కొటేషన్‌లో పనికిరాదని రాసిన మెషిన్ అది. బయోస్‌లో ఒక్క మార్పుతో విండోస్ 11 తీసుకుంది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పని చేసే కొత్త రకం డిస్క్) వేయించాక అది కొత్తదానిలాగే ఉంది.

పాత ప్రాసెసర్ మీద చెకింగ్‌ని దాటించి విండోస్ 11 వేసిచ్చేవాళ్లు ఉంటారు. అలా వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. లెక్కలున్న మెషిన్‌కి అది వద్దు. విండోస్ 10నే ఇంకా కొన్నాళ్లు వాడాలంటే వ్యాపార సంస్థలకి డబ్బు కట్టే అప్‌డేట్ల పథకం ఉంది. మెషిన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, ప్రతి ఏడూ రెట్టింపు, మొత్తం మూడేళ్లే. మూడేళ్లకి కలిపితే 427 డాలర్లు. ఆ డబ్బుతో ఒక మంచి మెషినే వస్తుంది, కాబట్టి చిన్న కొట్టుకి ఇది లాభం లేని బేరం.

ఇప్పుడు కుర్చీల వారీగా తేల్చండి

ట్యాలీ, డీఎస్‌సీ టోకెన్, వేలిముద్ర యంత్రం, అను ఫాంట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కుర్చీకి విండోస్ 11. చిన్న కొట్టుకి హోమ్ ఎడిషన్ చాలు. నెట్‌వర్క్‌లో ఫోల్డర్ షేర్ చేసుకోవడం, ట్యాలీ డేటా పంచుకోవడం అందులోనూ జరుగుతుంది. ఇంటి నుంచి కొట్టు కంప్యూటర్‌లోకి విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో రావాలనుకుంటేనే ప్రో తీసుకోండి.

బ్రౌజర్, వాట్సాప్ వెబ్, ఈమెయిల్, మామూలు ఎక్సెల్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, ఇంతే ఉన్న కుర్చీకి లినక్స్ మింట్ పెట్టొచ్చు. స్టార్ట్ మెనూ కింద ఎడమ మూలన, గడియారం కుడి మూలన ఉంటాయి. విండోస్ అలవాటున్న మనిషికి రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, డబ్బు కట్టేదేమీ లేదు, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్లో కూడా సాఫీగా నడుస్తుంది. ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్ వస్తుంది. కూడికలు, వీలుకప్ లాంటి ఫార్ములాలు బాగానే పని చేస్తాయి. మ్యాక్రోలు (ఎక్సెల్‌లో పని దానంతటదే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రాములు) రాసి పెట్టుకున్న ఫైళ్లు మాత్రం చాలావరకు దెబ్బతింటాయి. అలాంటి ఫైల్ మీద పని ఆధారపడి ఉంటే ఆ కుర్చీని వదిలేయండి.

మ్యాక్ ఎవరికి? వీడియో ఎడిటింగ్, ఫోటో పని, డిజైన్ పని చేసేవాళ్లకి, లేదా ట్యాలీ పనంతా ఆడిటర్ గారి ఆఫీసులోనే జరిగే కన్సల్టెంట్లకి, డాక్టర్లకి. 2024లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ మన దేశంలో 59,900 రూపాయల నుంచి మొదలైంది, 16 జీబీ ర్యామ్‌తో. ఆ డబ్బుకి మంచి మెషిన్. కానీ దానికి పాత పెద్ద యూఎస్‌బీ సాకెట్ ఒక్కటీ లేదు, ప్రింటర్‌కి, కీబోర్డ్‌కి, టోకెన్‌కి అడాప్టర్ పెట్టాలి. "ప్యారలల్స్ వేసి అందులో విండోస్ నడుపుకోవచ్చు" అని చెప్తారు. నిజమే, కానీ అక్కడ నడిచేది స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లో ఉండే రకం విండోసే. పైన చెప్పిన డ్రైవర్ల చిక్కు అలాగే ఉంటుంది. రోజూ ట్యాలీ కావాల్సిన వాళ్లు మ్యాక్ కొని ఇబ్బంది పడొద్దు.

క్రాక్ విండోస్ మాత్రం వద్దు

ఇది నేను గట్టిగా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా అకౌంట్స్ మెషిన్‌లో విండోస్ మళ్లీ వేయించినప్పుడు, కీ కొనకుండా యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాంతో యాక్టివేట్ చేసి ఇచ్చారు. తక్కువలో అయిపోయిందని ఊరుకున్నాం. కొన్ని నెలలకి ఒక పొద్దున్నే తెరిస్తే ఫైళ్లన్నిటికీ చివర ఏదో కొత్త పేరు తగిలి ఉంది, డబ్బు కడితే తెరుస్తామని ఒక నోట్. ట్యాలీ డేటా, స్టాక్ లిస్టులు, అన్నీ పోయాయి. బ్యాకప్ నాలుగు నెలల నాటిది. నాలుగు నెలల బిల్లులు కాగితాల కట్టలు విప్పి మా ఆవిడా నేనూ రాత్రుళ్లు కూర్చుని ఎక్కించాం. ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలో తేలక కొన్ని ఖాతాలు వదులుకున్నాం. ఫైళ్లకి తాళాలేసే ఇలాంటి వైరస్‌లు క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారా చాలా వ్యాపించాయి. విండోస్‌కి డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే లినక్స్ వేసుకోండి, అది నిజంగానే ఉచితం.

కీ కొన్నా సరే, విండోస్ వేసేటప్పుడు అడిగే మైక్రోసాఫ్ట్ అకౌంట్ మీ సొంత ఈమెయిల్‌తోనే చేయించండి. చాలా కొత్త మెషిన్లలో డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, దాని రికవరీ కీ ఆ అకౌంట్‌లోనే దాగి ఉంటుంది. సిస్టమ్ వేసిన కుర్రాడి ఈమెయిల్‌తో చేస్తే, రేపు ఆ కీ అడిగిన రోజున మీ డేటా మీ చేతిలో ఉండదు.

వేసే ముందు వారం రోజులు చూడండి

లినక్స్ నచ్చుతుందో లేదో డిస్క్ ముట్టుకోకుండానే తెలుసుకోవచ్చు. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (సిస్టమ్ మొత్తం ఉండే ఒకే ఫైల్) దించుకోండి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది తీసుకోండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే (కొన్నిటిలో ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ) పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకుంటుంది. మీ విండోస్ అలాగే ఉంటుంది. వైఫై అందుతోందా, ప్రింటర్ నుంచి ఒక కాగితం వస్తోందా, బ్యాంకు సైట్ తెరుచుకుంటోందా, మీ అసలు ఎక్సెల్ ఫైళ్లు సరిగ్గా కనిపిస్తున్నాయా, తెలుగు కొట్టగలుగుతున్నారా, ఇవి చూడండి. ముఖ్యంగా ఆ కుర్చీలో రోజూ కూర్చునే మనిషితో చేయించండి. మా కొట్టులో బిల్లులు కొట్టే అమ్మాయిని అడగకుండా నిర్ణయం తీసుకోబోయాను. ఆ అమ్మాయి వచ్చి ఐదు నిమిషాల్లో రెండు లోపాలు చూపించింది, అవి నాకు అసలు కనపడలేదు.

మార్చే రోజు

తేదీ చూసుకోండి. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్న్) ఉంటాయి. మూడు నెలలకోసారి చేసేవాళ్లకి మన రెండు రాష్ట్రాల్లో 3బీ గడువు 22. అందుకని 23 నుంచి నెలాఖరు మధ్యలో, కొట్టుకి సెలవున్న రోజు చూసి పెట్టుకోండి. పండగ సీజన్ ముందు అసలే వద్దు, ఊరికే టెన్షన్.

ముందు రోజు ట్యాలీలో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీయండి. రెండు చోట్ల పెట్టండి, ఒకటి కొట్టు బయట ఉండాలి. బ్యాకప్ తీశాక వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి చివరి బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి. చూడని బ్యాకప్ మీద ఆధారపడకండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, డెస్క్‌టాప్ మీద ఫైళ్లు, వాట్సాప్‌లో వచ్చి డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయిన పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన ఇన్వాయిస్‌లు, వీటిని చాలామంది మర్చిపోతారు.

వీలైతే పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయకండి. కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి కొని అందులో కొత్త సిస్టమ్ వేయించండి, పాత డిస్క్ తీసి తేదీ రాసిన చీటీ అంటించి బీరువాలో పెట్టండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. అంతకాలం డిస్క్ బీరువాలో పడి ఉంటే తెరుచుకుంటుందన్న భరోసా లేదు, కాబట్టి అందులోని పాత కంపెనీల డేటాని కొత్త మెషిన్‌లోకి కూడా తెచ్చుకోండి. మేము ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి ఆ పాత డేటా తెరిచి చూసి, చీటీ మీద ఆ తేదీ కూడా రాస్తున్నాం.